ఎడ్ల బేరగాడు సెల్లు కొన్న వైనం

ఆగస్టు 5, సాయంత్రం

అదే కదా నేను పొద్దున్నుంచీ మొత్తుకునేది! పద్దెనిమిదో తారీకు దాకా గడువుంటే ఇప్పట్నుంచీ ఈ కంగారేమిటి? మా ఆవిడ ధనలక్ష్మికి ఏదైనా ఈ పూటే అయిపోవాలి.

అమ్మాయి శ్రావణికి విజయనగరంలో డిగ్రీ సీటు వచ్చింది. హాస్టల్ గదికి పేరు నమోదు చేయాలంటే కాలేజీ వాళ్ల యాప్‌లోనే చేయాలి. అదీ అమ్మాయి సొంత సిమ్ము వేసిన ఫోన్లోనే. గడువు దాటితే గది లేదు. గది లేకపోతే బొబ్బిలి పక్కనున్న మా ఊరి నుంచి రోజూ రెండు బస్సులు మారి వెళ్లాలి. అంతకంటే చదువు మానేయడమే నయమని మా అమ్మాయే తేల్చేసింది.

ఇంట్లో ఉన్నది నా మీటల ఫోను ఒక్కటే. దానికి యాప్ అంటే తెలీదు.

"ఉపేంద్ర కొట్టుకెల్లి ఏదోటి కొనేయరాదేటి?" అంది ధనలక్ష్మి.

ఏదోటి! ఎవరితో అంటోంది ఆ మాట? ముప్పై ఏళ్లుగా మా ఊళ్లో ఎవరు ఎద్దు కొన్నా మానాపురం సంతకి నన్ను వెంటబెట్టుకెళ్లాల్సిందే. పళ్లు చూసి వయసు, నడక చూసి పని, తోక ఆడించే తీరు చూసి బుద్ధి చెప్పేస్తాను. సెల్లొక లెక్కా?

"నాన్నా, ఫోన్‌కి పళ్లుండవు" అంది శ్రావణి.

నిర్ణయాలు:
ఎనిమిది వేలు. పైసా దాటదు.
మొదటి కొట్లో కొనను.
నచ్చినట్టు మొహంలో కనబడనివ్వను.
ఎవరి సలహా వినను. ముఖ్యంగా బావమరిది గంగరాజుది.

ఆగస్టు 6, మధ్యాహ్నం 2 గంటలు

బొబ్బిలిలో ఉపేంద్ర కొట్టు. మా ఊరి కుర్రాడే. ఒక ఫోను తీయించి తిప్పి చూశాను. బరువు చూశాను. చెవి దగ్గర పెట్టి ఊపాను.

"ఏటి సిన్నాన్నా, ఏటి వింతన్నావు?"

"లోపలేటైనా వదులుగా ఉన్నాదేమోనని."

ఇక బేరం. సంతలో ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువాలు కప్పి, కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియకూడదు కదా! నా భుజం మీది తువాలు ఉపేంద్ర చేతి మీద కప్పి రెండు వేళ్లు నొక్కాను.

వాడు చెయ్యి లాక్కున్నాడు. "ఓలమ్మో! పైన కెమెరా ఉన్నాది సిన్నాన్నా. మా ఆవిడ ఇంటికాడ్నుంచి సూస్తాది!"

ధర డబ్బా మీదే అంటించి ఉందట. తగ్గదట.

బేరగాడి దగ్గర ఇంకో ఎత్తు ఉంటుంది. వద్దనేసి వెనక్కి తిరిగి నడవాలి. పది అడుగులు వేయకముందే అమ్మేవాడు పిలుస్తాడు. నడిచాను. బస్టాండు వచ్చేసింది. ఎవరూ పిలవలేదు. బస్సు వచ్చింది. ఎక్కేశాను.

రేపు పిలుస్తాడు.

ఆగస్టు 8

పిలవలేదు. బిడియపడుతున్నట్టున్నాడు.

ముందు సిమ్ము కొందామని వేరే కొట్టుకి శ్రావణిని తీసుకెళ్లాను. నెల ప్లాను అన్నాడు కౌంటర్లో కుర్రాడు. తీరా చూస్తే ఇరవై ఎనిమిది రోజులే!

"అలగైతే ఏడాదికి పదమూడు నెలలొస్తాయి కాదేటి?" అన్నాను.

"వస్తాయండి" అన్నాడు, నవ్వకుండా. ఆ లెక్కన మా అమ్మాయికి ఇరవయ్యో ఏడు రాబోతోంది. నా వయసు లెక్క వేసుకోదలచుకోలేదు.

రోజుకి ఒకటిన్నర జీబీ నెట్. ఏ రోజుది ఆ రోజే వాడేయాలి, మిగిలితే పోయినట్టే. రాత్రి మిగిలిన గడ్డి పొద్దున్న పశువుకి వెయ్యమా? "మాకు నెట్టొద్దు బాబూ, మాటలు సాలు. ఆ ప్లానియ్యి" అన్నాను.

శ్రావణి నా చొక్కా లాగింది. "నాన్నా, పాఠాలు కూడా నెట్లోనే పెడతారు."

సరే, నెట్టున్నదే తీసుకున్నాం. ఇది నిర్ణయాల్లో లేదు కాబట్టి ఓడిపోయినట్టు కాదు.

ఆగస్టు 10

గంగరాజు వచ్చాడు. నేను సలహా అడగలేదు. వాడు మాట్లాడుతుంటే నేను అక్కడే ఉన్నాను, అంతే.

"ఎనిమిది వేలదేటి కొంటావు బావా? ఆర్నెల్లకి నత్తలాగ నడస్తాది. పిల్ల సదువు పాడైపోదేటి?"

బడ్జెట్ పదకొండు వేలు. దీన్ని పెంచడం అనరు, సవరించడం అంటారు. ప్రభుత్వాలే చేస్తాయి.

వాన పట్టుకుంది. ఉభాలు మొదలయ్యాయి. నాట్లు వదిలేసి కొట్ల చుట్టూ ఎవడు తిరుగుతాడు?

ఆగస్టు 13, సాయంత్రం 7 గంటలు

గెలిచాను! శృంగవరపుకోటలో చుట్టాల పెళ్లికి వెళ్లాం. బస్టాండు పక్కన పాత ఫోన్లమ్మే ధనరాజు అనే ఆయన నా భుజం మీద తువాలు చూడగానే తన చెయ్యి తనే చాచాడు! కొట్టు ముందే నిలబడి అరగంట బేరమాడుకున్నాం. నేను వేలు నొక్కితే ఆయన నిట్టూర్చాడు. ఆయన నొక్కితే నేను నవ్వాను. కొంత దూరం నడిచాను కూడా. పిలిచాడు!

"ఇలగ బేరమాడినోల్ని సూసి ఎన్నాల్లయిపోనాదో బాబూ!" అన్నాడు.

ఏడు వేలన్నది మూడున్నరకి దించాను. డబ్బా లేదు, బిల్లు లేదు. ఎద్దుకి బిల్లుంటుందా?

బస్సులో ధనలక్ష్మి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మెచ్చుకోలే అనుకుంటాను.

ఆగస్టు 16

ఫోన్లో ఎవరివో మేకల ఫొటోలున్నాయి. మంచి మేకలు. పాతవన్నీ తీసేద్దామని శ్రావణి ఫోను మొత్తం ఖాళీ చేసింది. ఇప్పుడది మొదటి యజమాని మెయిలు, పాస్‌వర్డు చెబితేగానీ తెరుచుకోనంటోంది. కొత్తగా తోలుకొచ్చిన ఎద్దయినా మూడో రోజుకి మన కేక వింటుంది. దీనికి పాత మేకలాయనే కావాలట.

ధనరాజుకి ఫోన్ చేశాను. స్విచాఫ్. బహుశా చార్జింగులో పెట్టుంటాడు.

"ఇంకేటి సేస్తావు?" అంది ధనలక్ష్మి.

"రెండ్రోజులున్నాది కాదేటి?"

ఆగస్టు 17

పొలంలో కూలీలున్నారు. వదిలి వెళ్లడం కుదరదు. అయినా ఎదురింట్లో గంగరాజు ఫోనుంది కదా! రేపు పొద్దున్నే అందులో మన సిమ్ము వేసి పని కానిచ్చేద్దాం. అడగడం కాదు, ఒకసారి వాడుకోవడం.

ఆగస్టు 18, రాత్రి 8 గంటలు

గంగరాజు తెల్లవారకముందే రాయగడ వెళ్లిపోయాడు. ఫోన్‌తో సహా.

మూడింటి దాకా వాడి కోసం చూశాం. గడువు ఐదింటికి. శ్రావణి ఏడవలేదు. కొత్త పుస్తకాల సంచి తీసుకెళ్లి అటక మీద పడేసింది. ఆ చప్పుడుకి నేను లేచి చెప్పులేసుకున్నాను.

వాన. బస్సు రాలేదు. శ్రావణిని తీసుకుని ఆటో ఎక్కాను. ఉపేంద్ర కొట్టు చేరేసరికి నాలుగు దాటింది. రొప్పుతూ చెప్పాను. ఏ ఫోను చూపించమన్నానో నాకే గుర్తులేదు.

"అదంతా తరవాత సిన్నాన్నా. ముందా సిమ్మిటివ్వు" అన్నాడు. తన సొంత ఫోనులోంచి తన సిమ్ము తీసేసి మాది వేశాడు. వాడూ శ్రావణీ తలలు వంచి నొక్కుతున్నారు. యాప్ ఒకసారి ఆగిపోయింది. నెట్టు పోయింది. మళ్లీ వచ్చింది. కొట్లోకి వచ్చిన వాళ్లని ఉపేంద్ర చేత్తోనే ఆగమన్నాడు. ఇద్దరు వెళ్లిపోయారు కూడా.

"వచ్చీసింది నాన్నా! మూడో అంతస్తు!"

ఐదింటికి ఇంకా కాస్త టైముంది.

"ఇప్పుడు సెప్పు, ఏ ఫోను సూపించమంటావు? బేరమాడతావేటి?" అని నవ్వుతూ ఉపేంద్ర చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి పట్టుకున్నాను, కానీ ఏ వేలూ నొక్కలేకపోయాను. వాడు మంచిదన్న ఫోనే, డబ్బా మీదున్న ధరకే కొన్నాను. పైన అద్దం వేయించమన్నాడు, సరే. తొడుగన్నాడు, సరే. పన్నెండున్నర వేలు. మొహం దాచుకోవడం కూడా మర్చిపోయాను.

ఆగస్టు 24, సాయంత్రం

శ్రావణి హాస్టల్లో చేరి నాలుగు రోజులైంది. రోజూ నా మీటల ఫోన్‌కి చేస్తోంది. గొంతు వినిపిస్తుంది, మనిషి కనిపించదు. అందుకని ధనలక్ష్మి సాయంత్రం కాగానే గంగరాజు ఇంటికి వెళ్లి వాడి ఫోన్లో పిల్లని చూసొస్తోంది. "బక్కసిక్కిపోనాది" అని వచ్చి చెబుతుంది. నాలుగు రోజులకే!

నేను వెళ్లను. మా పిల్లని చూడడానికి వాడి గుమ్మంలో నా వంతు కోసం నిలబడాలా? ఇంటికో మంచి ఫోను ఉండాలి. ఈసారి పద్ధతిగా కొంటాను. ఏడు వేలు, పైసా దాటదు. నాలుగు కొట్లు తిరిగి చూశాకే.

ఎదురింటి నుంచి ధనలక్ష్మి కేక: "ఏటయ్యా! గుంట అవుపడతంది. నాన్నేడీ అని అడగతంది. బేగి రా!"

రానన్నాను. రాసుకుంటున్నానన్నాను.

"కంపూటర్ గది సూపిస్తాదట నీకు! నాను సూస్తానంటే ఒప్పుకోదు, నాన్నే ముందు సూడాలంట!"

ఇదొక్కటీ రాసేసి. ఆఖరి నిర్ణయం: మన ఫోను మనం కొనుక్కునేదాకా గంగరాజు గుమ్మం తొక్కే ప్రస—