పాపకు అందే మేకు

బిడ్డా శాంతీ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పోయిన వారం దిల్‌సుఖ్‌నగర్ ఇల్లు ఖాళీ చేసి ఎల్బీనగర్ వచ్చాం.

పిల్లలు తమ పనులు తామే చేసుకోవాలనే మాంటిస్సోరి పద్ధతి అంటూ నువ్వు ఆ ఇంటి వంటగదిలో నీ పాపకు అందేలా మేకు కొట్టి, ఒలికింది తుడుచుకోవడానికి చిన్న గుడ్డ తగిలించావు. "రెండేండ్ల పొల్లతోని పని చేపిస్తవా? నువ్వు తల్లివా, మేస్త్రివా?" అన్నాను. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా బైబిల్ గ్రంథం ఒక్కడినే చదువుకుని బోధకుడినైన నేను, ఫోన్‌లో చూసి నేర్చుకున్నావని నిన్ను వెక్కిరించాను. ఆదివారం చర్చిలో చెప్పిన వాక్యంలోనూ నీ పేరెత్తకుండా గద్దించాను. నువ్వు ముందు వరుసలో కూర్చుని తలవంచుకుని విన్నావు.

నువ్వు పోయాక పాపను ఏ పనీ ముట్టనివ్వలేదు. నీళ్లు కూడా నేనే తాగించాను.

పాత ఇంట్లో చివరి ప్రార్థన రోజు నేను వాక్యం చెబుతుంటే పాప చెయ్యి తగిలి గ్లాసులో నీళ్లు గ్రంథం మీద ఒలికాయి. నేను అరుస్తానని అందరూ ఎదురుచూశారు. పాప ఏడవలేదు. లోపలికి వెళ్లి, మేకుకున్న ఆ గుడ్డ తెచ్చి, అంచుల నుంచి మధ్యకు మెల్లగా తుడిచింది.

"గింత పిల్లకు గిదంతా ఎవలు నేర్పిండ్రన్నా?" అని ఎదురింటి యాదమ్మ అడిగింది.

"నా బిడ్డ నేర్పింది," అన్నాను. ప్రార్థన అక్కడే ముగించాను.

కొత్త ఇంట్లో అన్నిటికంటే ముందు మేకు కొట్టాను. పాపను గోడకు నిలబెట్టి, చెయ్యి ఎత్తమని కొలత చూశాను. నువ్వు కొట్టినదానికంటే నాలుగు వేళ్లు పైకి వచ్చింది.

నాయిన