నా పేరుతో తెరుచుకున్న ఫోల్డర్

మంగళవారం, రాత్రి

మా ఐస్ ప్లాంట్ ఆఫీసులో రేట్ల ఫోల్డర్ ఇవాళ ఓనరుగారికే తెరుచుకోలేదు. నిన్న ఆయనే, కొత్తగా చేరిన కరుణ చేత దాన్ని స్టాఫ్ ఎవరూ చూడకుండా కట్టడి చేయించారు. కరుణ మాత్రం చూడొచ్చట. ఇన్నేళ్లూ ఈ కంప్యూటర్లతో వేగింది నేను.

మధ్యాహ్నం దాకా తంటాలు పడి ఆ అమ్మాయే నా దగ్గరికొచ్చింది.

"శీనన్నా, ఓపాలి సూడవా. సార్ కేకలేత్తన్నారు."

చూడగానే తెలిసింది. ఓనరుగారి గదిలో పాత కంప్యూటర్ పెట్టినప్పుడు లాగిన్‌కి నా పేరే ఇచ్చాను. ఇప్పటికీ ఆయన ఆ పేరుతోనే లోపలికి వెళ్తారు. కరుణ పర్మిషన్లలోంచి ఆ పేరే తీసేసింది.

"నా పేరెందుకు తీసీసినావమ్మా?"

"సారే ముందు నీదే తీసీమన్నారన్నా."

అయినా నా పేరు మళ్లీ చేర్చాను. ఫోల్డర్ తెరుచుకుంది.

"కరుణ వచ్చాకే ఆఫీసు గాడిలో పడిందయ్యా," అన్నారు ఓనరుగారు, నాతోనే. కరుణ నోరు విప్పుతుందేమోనని చూశాను. నవ్వి ఊరుకుంది.

నవ్వితే బాగుంటుంది కూడా. అదింకా మంట.

సరే. రేపు పొద్దున్న కూడా ఆయన కుర్చీలో కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, ముందుగా నా పేరే టైప్ చేస్తారు.