అద్దాల పెట్టెలో తల లేని రాజు, మేడ మీద మా మేనత్త

కోర్టు పాత రికార్డుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా తాత దావా మీది స్టాంపును తమ కార్యాలయమే కత్తిరించి, ఆ స్టాంపు లేదన్న కారణంగా తీర్పు నకలు నిరాకరించుట గురించి.

తమ కార్యాలయంలోని పేము కుర్చీలన్నీ అల్లేది నేనే. తమ సిబ్బంది నాకు కుర్చీల అడుగు నుంచి బాగా పరిచయం. విన్నవించుకునేదేమనగా:

1. మేముండే మేడకు మెట్లొక్కటే దారి. అవి పై వాటాకూ కింది వాటాకూ ఉమ్మడి అని రాజుగారి కాలంలో మా తాత దావా వేసి తీర్పు తెచ్చుకున్నాడు. రాజుగారు పోయి సేనాపతి వచ్చాడు, సేనాపతి పోయి తమ ప్రభుత్వమొచ్చింది. స్టాంపుల మీద బొమ్మలు మారాయి గానీ మెట్ల జోలికి ఎవరూ రాలేదు. పదకొండు రోజుల క్రితం కింది వాటా ఆసామి మెట్లకు అడ్డంగా గోడ కట్టాడు. అడిగితే, "తీర్పుందా? ఏదీ, నకలు తే. నా చేత్తో నేనే పడగొడతా" అన్నాడు. పైన డెబ్బై ఆరేళ్ళ మా మేనత్త ఉంది. నిచ్చెన దిగడానికి ఆమె మోకాళ్ళు ఒప్పుకోవు. అన్నం బుట్టలో పెట్టి తాడుతో పైకి పంపుతున్నాం.

2. నకలు కోసం వస్తే తమ గుమాస్తా గారు కట్ట విప్పి, దావా కాగితం మీద స్టాంపు ఉండాల్సిన చోట నలుచదరపు కన్నం చూపించారు.

"స్టాంపు లేని దావా దావాయే కాదు. దావాయే లేనప్పుడు తీర్పెక్కడిదయ్యా?"

"మరి ఇంత తిన్నగా ఎవరు కోశారండీ?"

"ఎలుకలు."

తమ ఎలుకలకు స్కేలు పెట్టి కొరికే అలవాటున్నందుకు సంతోషించి కిందికి దిగాను.

3. కింద హాల్లో తమరు కొత్తగా పెట్టించిన "చారిత్రక కోర్టు ఫీజు స్టాంపులు" అద్దాల పెట్టెలో అదే స్టాంపు కనబడింది. దాని మీద మా తాత వేలిముద్ర సగముంది. మిగతా సగం పైన, కట్టలో ఉంది.

4. దాని కింద చీటీ: "నిరంకుశ రాజును ధిక్కరించి ఒక అజ్ఞాత వీరుడు తల పెరికేసిన స్టాంపు." అయ్యా, ఆ వీరుడు ఈ కోర్టు బంట్రోతే. వాడిన స్టాంపు మళ్ళీ వాడకుండా తల మీద పంచ్ కొట్టడం అప్పుడూ ఇప్పుడూ తమ రూలే. రాజుగారి తలకు పంచ్ కొట్టేముందు అతను చెప్పులు విడిచేవాడని మా తాత చెప్పేవాడు. సేనాపతి తలకూ అదే పంచ్. మొన్న నకలు దరఖాస్తు మీద తమ ప్రభుత్వ చిహ్నానికీ అదే పంచ్. ఆ లెక్కన తమ ఆఫీసులో రోజుకు నలభై తిరుగుబాట్లు జరుగుతున్నాయి, మధ్యాహ్నం భోజన విరామంతో సహా.

5. ఈ సంగతంతా కింద నిలబడి మేనత్తకు అరిచి చెప్పాను. "ఒరేయ్, ఆ రాజు తల నాకెందుకురా! ముందు నా కాళ్ళు నేల మీద పెట్టించు" అంది. ఇంతకన్నా బాగా రాయడం నాకు చేతకాదు.

కావున ఆ రెండు సగాలూ ఒకే బల్ల మీద పెట్టించి, వేలిముద్ర కలుస్తుందో లేదో తమ కళ్ళతో చూసి నకలు ఇప్పించవలెను. ఈ అర్జీని కూడా అద్దాల పెట్టెలో పెట్టక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పేము కుర్చీలు అల్లేవాడు

మరొక మాట: అల్లికకు పంపిన తమరి కుర్చీ నిన్నటికే తయారైంది. తాడు కట్టి మేనత్త గదిలోకి ఎక్కించాం. ప్రస్తుతం ఆమె అందులో కూర్చుని తమరి కోసం చూస్తోంది. నిచ్చెన వేసే ఉంచాను. నకలు వెంట తెస్తే నిచ్చెనతో పనిలేదు, మెట్ల మీద నుంచే కుర్చీని దింపుకోవచ్చు.