నాలుగో పేజీలో ఫొటో

ఆఫీసు క్యాంటీన్,
మార్చి 9, సోమవారం

ప్రియమైన బక్కోడికి,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమేనా అని రాయాలి కానీ, యాభై ఒక్క రోజులు కిడ్నాపర్ల దగ్గర ఉండి వచ్చినవాణ్ణి ఆ మాట అడగడానికి మొహం చెల్లడం లేదు. నువ్వు ఇల్లు చేరి పది రోజులైంది. ఆఫీసంతా వచ్చి చూసి వెళ్లారు, నేను తప్ప. రెండుసార్లు మీ వీధి మొదటిదాకా వచ్చాను. మందుల షాపు దగ్గర ఆగి, అక్కర్లేని దగ్గుమందు కొనుక్కుని వెనక్కి తిరిగాను.

వాళ్ల దెబ్బలకు నీకు ఎడమ చెవి వినబడటం లేదని చెల్లెమ్మ ఫోన్లో చెప్పింది. రెండు చెవులూ బాగున్నప్పుడు మీ ఆయన నా మాట విన్నాడా అని నవ్వించబోయి ఏడ్చేశాను. తనే నన్ను ఓదార్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మిగతాదీ తనే చెప్పింది. దారిలో పట్టుకోగానే నువ్వు విలేకరి కార్డు కాలవలోకి జారవిడిచి, స్కూలు పుస్తకాలు అమ్ముకునేవాణ్ణని చెప్పావట. వాళ్లు నమ్మారట. రెండు రోజులు చూసి, వీడి దగ్గర ఏముంది, రేపు వదిలేద్దాం అనుకున్నారట. ఆ మర్నాడే, నువ్వు అంతకుముందు పంపిన వార్త నీ ఫొటోతో మన పేపరు నాలుగో పేజీలో వచ్చింది, కింద ‘మా ప్రత్యేక విలేకరి’ అని. వాళ్లలో ఆటల పేజీ కోసం పేపరు కొన్నవాడు నిన్నూ ఫొటోనూ మార్చి మార్చి చూశాడట. ఆ దెబ్బలన్నీ ఆ సాయంత్రం నుంచే. ఆఫీసు డబ్బు కట్టేదాకా నిన్ను వదల్లేదు.

మనవాడెవరైనా కనబడకపోతే, తిరిగొచ్చేదాకా వాడి పేరుగానీ ఫొటోగానీ అచ్చులో రాకూడదన్నది మన డెస్కు రూలు. పోటీ పేపర్లు కూడా నోరు మూసుకున్నాయి. మనమే వేశాం. పాత ఫైల్లోంచి ఫొటో తీసి సొంతంగా పెట్టేశాడని, పేజీలు పెట్టే బాబాయి మీద తేల్చారు. ఇరవై రెండేళ్ల ఉద్యోగం ఊడింది. ఆయన కళ్లజోడు పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన మీద కోపం పెట్టుకోకు.

ఒళ్లు జాగ్రత్త. చెల్లెమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
నీ వార్తలు కోసే డెస్కు ఇన్‌ఛార్జి

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. బాబాయి కాదురా, నేను. ఆయన అడ్డం కూడా పడ్డాడు. “అబ్బాయి ఇంకా రాలేదు బాబూ, ఈ ఫొటో వద్దు” అన్నాడు. “నేను చెప్తున్నాగా, పెట్టు” అన్నాను. వార్తతోపాటు నీ ఫొటో వెయ్యమని పన్నెండేళ్లు అడిగావు, చోటు లేదని పన్నెండేళ్లూ తీసేశాను. ఆ రోజు మాత్రం ఎందుకు వేశానో తెలుసా? నువ్వు ఇక రావనుకున్నాను. మూడు రోజులకే నీ మీద ఆశ వదిలేసుకున్నానురా.

విచారణలో బాబాయి నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూశాను.

ఇవాళ ఇదంతా రాసి ఎడిటర్ గారి చేతికిచ్చాను. ఇప్పుడు బాబాయి ఇంటికి వెళ్తున్నాను. రేపు మీ వీధికొస్తాను, మందుల షాపు దగ్గర ఆగను. నువ్వు తలుపు తీస్తే, కుడివైపు నిలబడి ఇదే మాట మళ్లీ చెప్తాను.