చీటీ లేని పాఠం

6 ఫిబ్రవరి 1938, ఆదివారం
పొద్దున 5. ఈరోజు నుంచి చీటీ లేదు, నోటుబుక్కు లేదు. పరిశుద్ధాత్మ నడిపించినట్టే వాక్యం బోధిస్తాను. పోయిన వారం క్రైస్తవ కూటాల్లో ఒక ప్రసంగీకుడు చేతిలో కాగితం ముక్క లేకుండా రెండున్నర గంటలు మాట్లాడాడు. జనం ఏడ్చారు. నేను ఈ పల్లె సంఘానికి తొమ్మిదేళ్లుగా నోటుబుక్కు చూసి చెబుతున్నాను. జనం ఆవలిస్తున్నారు.

5.30. ప్రశ్నలు, జవాబులతో సహా నలభై పాఠాలున్న ఆ నోటుబుక్కును మా ఆవిడ లిదియాకు ఇచ్చేశాను. ఇక జన్మలో దాని ముఖం చూడనన్నాను. సందూకలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. అదే నాకు నచ్చలేదు.

పద్ధతి: ప్రార్థన. కళ్ళు మూయడం. బైబిలు తెరవడం. వేలు పడిన చోటే పాఠం.

6.30. వేలు విత్తువాని ఉపమానం మీద పడింది! వినేవాళ్ళంతా జొన్నచేలో కూలికి పోయేవాళ్ళు. ఒక్కరు కూడా ఆవలించలేదు. స్తోత్రం.

రెండు వారాల్లో, ఇరవయ్యో తేదీ ఆదివారం, మా మిషను సూపరింటెండెంటు అయ్యగారు నారాయణఖేడ్ దాకా మోటారులో, అక్కడి నుంచి బండిలో మా పల్లెకు వస్తారు. బాప్తిస్మానికి సిద్ధపడుతున్న పదకొండు మందినీ ప్రశ్నలడుగుతారు. అందులో బసమ్మ ఉంది. డెబ్బై ఏళ్లు దాటాయి. పది ఆజ్ఞలు గుర్తుండక రెండేళ్లు వరసగా తప్పింది. కొడుకు, కోడలు, మనవలు అందరూ బాప్తిస్మం పొందారు, ఆమె ఒక్కతే బయట మిగిలింది. ఈసారి కూడా తప్పితే మళ్ళీ ఏడాదికి ఉంటానో లేదో అంటోంది. నాకూ ఆ భయమే. అయినా ఆత్మ ఉండగా భయమేమిటి?

7, సోమవారం
వేలు దినవృత్తాంతముల గ్రంథం మీద పడింది. అన్నీ పేర్లే. ఫలానా వాడు ఫలానా వాణ్ణి కన్నాడు, వాడు ఇంకొకణ్ణి కన్నాడు. గంటసేపు చదివాను. ఇంతమందిలో మనోళ్ళు ఎవరైనా ఉన్నారా అని బసమ్మ అడిగింది. చూసి చెబుతానన్నాను.

9, బుధవారం
లేవీయకాండం. ఇంటి గోడకు పచ్చ మరకలు పడితే ఆ రాళ్ళు ఊడబీకి ఊరి బయట పారేయాలన్న భాగం. ఎందుకు వచ్చిందో తెలియదు. ఆత్మకు తెలుసు.

10, గురువారం
పదకొండు మందిలో ఒకడు, కూలి యేసయ్య, తన ఇంటి పడమటి గోడ ఊడబీకాడు. నిన్నటి పాఠం విని, చెమ్మ పట్టిన రాళ్ళు నాలుగు తీశాడట. మిగతావి వాటంతటవే వచ్చాయి. అతని భార్య పొద్దున్నుంచి మా గుమ్మం ముందు నిలబడి నన్ను చూస్తోంది. గోడ కట్టడానికి వెళ్ళాను. పాఠం లేదు.

11, శుక్రవారం
గొంగడి కప్పుకొని బీరప్ప వచ్చాడు. మా సంఘంవాడు కాదు, గొర్రెల కాపరి. చేతిలో కొబ్బరికాయ.

"పంతులూ, మా పొట్టేలు తప్పిపోయింది. యాడున్నదో జర నీ పుస్తకం తెరిచి చూడు."

ఇది సోది కాదు, దేవుని వాక్యం అని కోప్పడ్డాను. సరే, వాక్యమే చెప్పమన్నాడు. వాక్యం వింటానన్నవాణ్ణి ఎలా పంపించను? కళ్ళు మూశాను. అద్దరికి, అంటే అవతలి ఒడ్డుకు, పోదామని ప్రభువు శిష్యులతో అన్న మాట మీద వేలు పడింది.

సాయంత్రం 4. పొట్టేలు వాగు అవతల దొరికింది. నా ఖర్మ.

13, ఆదివారం
ఆరాధనకు అరవై మంది! నలభై మంది ప్రశ్నలడగడానికే వచ్చారు. కల్హేర్ ఊరి నుంచి కూడా. బర్రె ఎప్పుడు ఈనుతుంది, అల్లుడు ఎప్పుడు తిరిగొస్తాడు, బావి ఎక్కడ తవ్వాలి. ఏ వంకనైనా వాక్యం వింటున్నారు కదా. (ఈ మాట రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. మనసు ఒప్పుకోవడం లేదు.)

బసమ్మ వెనక వరసలో కూర్చుంది. ఆజ్ఞలు ఎప్పుడు చెప్తవు అయ్యా అని అడిగింది. వేలు పడినప్పుడు అన్నాను. తల ఊపింది. నాకు సిగ్గేసింది.

15, మంగళవారం
ధోవతి కోసం సందూక తెరిపించాను. నోటుబుక్కు చేతికి తగిలింది. తగలడం చదవడం కాదు.

16, బుధవారం
ఆజ్ఞలున్న పేజీ కోసం కళ్ళు సగమే మూశాను. లిదియా చూసింది. ఆత్మ కన్ను గీటిండా అని అడిగింది.

17, గురువారం
అరచేతిలో ఆరు ఆజ్ఞలు బొగ్గుతో రాసుకున్నాను. చెమటకు ఐదు పోయాయి. దొంగిలవద్దు అన్నది మిగిలింది.

18, శుక్రవారం
పొద్దున 7. ఇక లాభం లేదు. నోటుబుక్కు చూడమని ఆత్మే చెబుతున్నాడనిపించింది. లిదియాను తాళంచెవి అడిగాను.

7.05. సగం నోటుబుక్కు లేదు!

"ఇగ జన్మల దాని మొకం చూడనంటివి గద. పిడకలు పచ్చిగున్నయి, అంటుకుంటలేవు."

ఇరవైమూడు పాఠాలు నిన్న రాత్రి జొన్నరొట్టెల కింద కాలిపోయాయి. ఆ రొట్టెలు నేనే మూడు తిన్నాను. అయ్యగారు అడిగే ప్రశ్నలన్నీ ఆ పాఠాల్లోనే.

19, శనివారం
పొద్దంతా పదకొండు మందినీ కూర్చోబెట్టి గొంతు పోయేదాకా వల్లె వేయించాను. బసమ్మకు సాయంత్రానికి మూడు ఆజ్ఞలు వచ్చాయి. ఇంటికి పోయేసరికి రెండు. దేవా, నా ప్రయోగానికి ఈ ముసలామెను బలి చేయకు.

20, ఆదివారం
అయ్యగారు వచ్చారు. మొదటి ఆజ్ఞ ఏమిటని యేసయ్యను అడిగారు. గోడ చూసుకోవాలన్నాడు. అయ్యగారు నా వైపు చూశారు. అప్పుడే బీరప్ప ఇంకో కొబ్బరికాయతో లోపలికి వచ్చి, ఈయన కూడా పుస్తకం చూస్తాడా అని నన్ను అడిగాడు.

పదిమందిని ఎలాగో దాటించారు. చివరికి బసమ్మ. ఆజ్ఞలు? ఒక్కటీ రాలేదు. ప్రభువు ప్రార్థన? సగంలో ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు ప్రశ్నల పుస్తకం మూసి, మరి యేసు ఎవరమ్మా అని మెల్లగా అడిగారు.

"నేను మూడేండ్ల సంది అన్ని మర్చిపోతనే ఉన్న అయ్యా. ఆయన ఒక్క దినం గూడ నన్ను మర్వలే. గాయననే."

అయ్యగారు లేచి నీళ్ళ గిన్నె తెమ్మన్నారు. ఆమె తల మీద నీళ్ళు పోస్తుంటే నేను ఏడ్చాను, దాచుకోలేదు.

తర్వాత అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, ఆ మాట మీ ఏ పాఠంలోది సొలొమోనూ అని అడిగారు. నాది అనడానికి నోరు తెరిచాను. అప్పుడు, ఈ పదిహేను రోజుల్లో మొట్టమొదటిసారి, ఆత్మ నాతో స్పష్టంగా మాట్లాడాడు. నోరు మూసుకోమన్నాడు. మూసుకున్నాను.

21, సోమవారం
పొద్దున 5. ఈరోజు నుంచి మళ్ళీ ఆత్మ నడిపింపే. వేలు పద్ధతి రద్దు. ముందు బసమ్మ మాట్లాడుతుంది, నేను వింటాను. ఆత్మ ఎవరి నోట పలుకుతాడో ఇప్పుడు తెలిసింది కదా.

6.30. అందరూ వచ్చారు. బసమ్మ గొంతు సవరించుకుంది.

7.30. వినడం ఎంత ముఖ్యమో నేనే గంటసేపు చెప్పాను. ఆమె పనికి పోయే వేళయింది, లేచి పోయింది.

రేపటి నుంచి.