కొరియా భాషలో కడుపునొప్పి

నెల్లిమర్ల,
2-9-1968

ప్రభువునందు ప్రియమైన మేనకోడలు లీలారాణికి,

మావయ్య ఆదాము వందనాలు. ఇక్కడ మీ అత్త జ్ఞానసుందరి, నేను క్షేమం. అంటే మీ అత్త క్షేమం. నాకు కొన్నాళ్లుగా కడుపులో బాగులేదు. కానీ ఈ ఉత్తరం కడుపు గురించి కాదు, పరువు గురించి.

మా వీధి చివర కొత్త డాక్టరొకడు బోర్డు కట్టాడు. బెజవాడ వైపు కుర్రాడు. మొన్న మిల్లు గేటు కాపలా దిగి, అటునుంచి అటే అతని దగ్గరికి వెళ్లాను. ఏమిటి బాధ అని అడిగాడు. "కడుపులో సులుక్కుమంటాది బావూ, ఆనక గుబగుబలాడి ఈపులోకి తన్నుతాది" అన్నాను. పగలబడి నవ్వి, కాంపౌండర్ని పిలిచి, మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. ఈసారి ఇద్దరూ నవ్వారు. "తాతా, అలాంటి మాటలు మా పుస్తకాల్లో లేవు. నొప్పా, మంటా? సరైన భాషలో ఒక్కటి చెప్పు" అన్నాడు.

తాత అన్నందుకు నాకు కోపం రాలేదు. సరైన భాష అన్నాడు చూడు, దానికొచ్చింది. నేను సైన్యంలో స్ట్రెచర్ మోస్తూ కొరియా యుద్ధం దాకా వెళ్లి వచ్చినవాణ్ణి. మూలిగే మనిషిని ఏ భాషలోనైనా గుర్తుపడతాను. లేచి నిలబడి, "ఉక్సిన్ ఉక్సిన్! కోక్ కోక్! పేగోపా!" అన్నాను. "ఇదేం భాష?" అన్నాడు. "కొరియా. ఇది కూడా నీ పుస్తకంలో నేదేటి?" అని చొక్కా గుండీలు పెట్టుకుని వచ్చేశాను.

అతను క్షమాపణ చెప్పేదాకా నా నొప్పులు తెలుగులో చెప్పను. నువ్వు విశాఖపట్నంలో ఓడరేవు పక్క ఆసుపత్రిలో నర్సువి గనక, కొరియా భాష తెలిసిన డాక్టరు ఎవరైనా ఉన్నారేమో కనుక్కో.

ఇట్లు,
తలవంచని మీ మావయ్య,
ఆదాము

తా.క. నిన్న మీ అత్తకు కాల్లో ముల్లు దిగి "అబ్బా" అంది. "అబ్బా కాదు, అపా అనాలి" అని దిద్దాను. అప్పట్నుంచి మాట్లాడటం లేదు.


విశాఖపట్నం,
7-9-1968

ప్రియమైన మావయ్యకు,

లీలారాణి వందనాలు. నీ ఉత్తరం డ్యూటీ గదిలో చదివి నవ్వాను, తర్వాత భయపడ్డాను. కడుపునొప్పితో పంతాలేమిటి మావయ్యా? సరే, నీ పంతం మా అమ్మకే లొంగలేదు, నాకు లొంగుతుందా.

కొరియా డాక్టరు లేడు గానీ కొరియా వంటమనిషి ఉన్నాడు. ఇనప రాయి ఎక్కించుకోడానికి వచ్చిన ఓడలో మెట్ల మీంచి జారి, కాలు విరిగి మా వార్డులో పడుకున్నాడు. పేరు పాక్. ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. వచ్చినరోజు నుంచి "అపా, అపా" అంటుంటే, మా వార్డు ఆయా, తాతమ్మ అనే ఆమె, తనను అక్కలా "అప్పా" అని పిలుస్తున్నాడనుకుంది. "నాకు తమ్ముడన్నోడు నేడు గదమ్మా, దేవుడు సముద్రం మీంచి పంపించినాడు" అని కళ్లొత్తుకుని, ఇంటినుంచి చేపల పులుసు తెచ్చి పెడుతోంది. అపా అంటే నొప్పి అని నీ ఉత్తరం చూశాకే నాకు తెలిసింది.

నీ బాధ అంతా కొరియా మాటల్లో, తెలుగు అక్షరాలతో వివరంగా రాసి పంపు. ఆయనకు చదివి వినిపించి, ఆయన చెప్పిన అర్థం మా పెద్ద డాక్టరమ్మకు చేరవేస్తాను.

నీ కోడలు,
లీలారాణి

తా.క. తాతమ్మకు ఇంకా నిజం చెప్పలేదు. పులుసు తిన్నప్పట్నుంచి పాక్ గారు నొప్పి లేకపోయినా "అపా" అంటున్నారని నా అనుమానం.


నెల్లిమర్ల,
12-9-1968

ప్రభువునందు ప్రియమైన లీలారాణికి,

మావయ్య వందనాలు. నీ ఉత్తరంలో "పాక్" అని చూసి ముందు గుండె ఆగింది. పాకిస్తాన్‌తో యుద్ధం అయి మూడేళ్లు కాలేదు, పాక్ మనిషి చేతికి నా రహస్యాలిస్తావా అనుకున్నాను. మీ అత్త రెండోసారి చదివి, అది ఆ మనిషి పేరని చెప్పింది.

ఇక నా బాధలు. మోకాళ్లు ఉక్సిన్ ఉక్సిన్. అంటే మన సలుపు. తల చిక్కున్ చిక్కున్, లోపల ఎవరో రోకలితో దంచుతున్నట్టు. ఇవి రెండూ ముసలితనం, వదిలెయ్. అసలుది కడుపు. దానికి కొరియాలో చక్కటి మాట ఉంది. వాళ్లు కూడా పేగును పేగే అంటారు. అపా అంటే నొప్పని నీకు తెలుసు. పేగు, అపా కలిస్తే పేగోపా. మన సంధిలాంటిదే. ఈ మాట ఏ పుస్తకంలోనూ చదవలేదు, అక్కడి పిల్లల నోట విన్నాను.

కింది ముక్క ఆయనకు గట్టిగా చదువు:

"పేగోపా. పొద్దున పేగోపా. మధ్యాహ్నం పేగోపా. పడుకున్నా పేగోపా. పేగోపా, పేగోపా, పేగోపా."

పొద్దున, మధ్యాహ్నం, పడుకోవడం చేత్తో చూపించు. నా బాధ ఇక్కడ ఎవరికీ పట్టదని కూడా చెప్పు. ఈలోగా స్వంత వైద్యం చేసుకుంటున్నాను. ఏమిటో చెప్పను. నర్సువి, తిడతావు.

ఇట్లు,
మీ మావయ్య,
ఆదాము

తా.క. ఆ కుర్ర డాక్టరు వీధిలో కనిపించి నమస్కారం పెట్టాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.


విశాఖపట్నం,
17-9-1968

మావయ్యా,

వందనాలు తర్వాత. ఎన్నాళ్లనుంచి?

నీ ముక్క పాక్ గారికి చదివాను. మొదటి పేగోపాకు తింటున్న కంచం పక్కన పెట్టేశాడు. రెండోదానికి మంచం మీద లేచి కూర్చున్నాడు. నేను పొద్దున అని సూర్యుణ్ణి చూపించి, మధ్యాహ్నం అని నడినెత్తి చూపించి, ఎవరికీ పట్టదని చెప్పేసరికి ఆయన కళ్లలో నీళ్లు. ఇంగ్లీషులో ఏమన్నాడో తెలుసా? "మీ మావయ్యకు ఆకలి. పొద్దున ఆకలి, మధ్యాహ్నం ఆకలి, ఆకలితోనే పడుకుంటున్నాడు. ఇంట్లో అన్నం పెట్టేవాళ్లు లేరా?" అన్నాడు. వార్డు వార్డంతా విన్నారు. తాతమ్మ "ఓలమ్మా, ముసిలోడిని పస్తుంచుతన్నారేటి!" అని నోరు నొక్కుకుంది.

నాకు అప్పుడర్థమైంది. నీ ఉత్తరాలు అత్త చదువుతుందని భయపడి, ఈ సంగతి కొరియాలో రాశావు. అత్త ఇలా చేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నేను బళ్లో చదువుకునే రోజుల్లో నాకు రెండోసారి వడ్డించందే లేవనిచ్చేది కాదు. మనుషులు మారిపోతారు కాబోలు.

భయపడకు. పాక్ గారు తన ఓడ నుంచి బిస్కట్ల డబ్బా తెప్పించి ఇచ్చారు, పార్సెల్ చేశాను. మీ పాస్టరు గారికి వేరే ఉత్తరం రాశాను. సంఘంలో పెద్దలు ఊరుకోరు.

నీ కోడలు,
లీలారాణి

తా.క. ఈ ఉత్తరం చదివి చింపెయ్. అత్త కంట పడనీయకు.


నెల్లిమర్ల,
23-9-1968

లీలారాణికి,

పోస్టుమాన్ నీ ఉత్తరం మీ అత్త చేతికే ఇచ్చాడు. మీ అత్త దాన్ని గుమ్మంలో నిలబడి పైకి చదివింది. తా.క. దాకా చదివింది.

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. వంటింట్లోకి వెళ్లింది. అన్నం, పప్పు, ఆనపకాయ కూర, గుడ్లు, పెరుగు తెచ్చి నా ముందు పెట్టి, గరిటె పట్టుకుని ఎదురుగా పీట వేసుకు కూర్చుంది. "తిను. కొరియావోడు సూసి ఏడ్సినాడంట గదా, ఇప్పుడు నాను సూత్తాను" అంది. నేను కదల్లేదు. గరిటె కదిలింది. తిన్నాను.

ఆదివారం పాస్టరు గారు ఆకలిగొన్నవారి గురించి నా వైపే చూస్తూ ప్రసంగం చేశాడు. ఆరాధన అయ్యాక చూస్తే నా పేరున బియ్యం పోగుచేస్తున్నారు! సాయంత్రానికి వీధివీధంతా గిన్నెలతో దిగింది. ఒకరు రాగి అంబలి, ఒకరు ఉప్పుడు పిండి. "నాకు ఆకలి కాదర్రా, పేగు నొప్పి!" అని అరిచాను. "పస్తులున్నోళ్లు అలాగే అంటారు పాపం" అన్నారు. వాళ్ల నోళ్లు మూయించడానికి ఒక్కటే దారి కనిపించింది. అన్నీ తిన్నాను.

కుర్ర డాక్టరు కూడా ఆ గుంపులో వచ్చాడు. మంచం దగ్గర వంగి, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు, "తాతా, ఇప్పుడు కూడా సులుక్కుమంటోందా?" అన్నాడు. నవ్వలేదు. నేను గోడ వైపు తిరిగి, "ఉదరమునందు బాధగా నున్నది" అన్నాను.

నువ్వు నీ అత్తను ఊళ్లో తలెత్తుకోనీయకుండా చేశావు. ఆ పాక్ గారికి వంట వచ్చేమో గానీ కొరియా రాదని చెప్పు.

ఆదాము

తా.క. ఒక విచిత్రం. ఆ తిండి తిన్నప్పట్నుంచి సులుక్కు తగ్గింది. ఇది పాస్టరు గారికి రాయకు, ప్రసంగంలో చెప్పేస్తాడు.

ఇంకో తా.క. లీలా, ఇది అత్తని. మీ మావయ్య స్వంత వైద్యం ఏటో నీకు సెప్పనేదు గదా. లంఖణాలు! కడుపుకి విశ్రాంతి అని నానెట్టిన కంచం తోసేసి, గంజి తేట తాగి పడుకునేవోడు. నొప్పొస్తే ఇంకో పూట మానేసేవోడు. నాను పస్తుంచినానా? నువ్వొచ్చినప్పుడు ఆ సంగతి మాటాడతాను.


విశాఖపట్నం,
28-9-1968

ప్రియమైన మావయ్యకు, అంతకంటే ప్రియమైన అత్తకు,

తప్పు నాదే. అత్తా, నీ కాళ్లు పట్టుకుంటాను, గరిటె కింద పెట్టు.

ఉత్తరం మా పెద్ద డాక్టరమ్మకు చూపించాను. సగందాకా నవ్వింది, రెండో తా.క. చదివి నవ్వు ఆపేసింది. "పొట్ట ఖాళీగా ఉంటే నొప్పి, తింటే తగ్గుతుందా? ఇది పేగులో పుండు కావచ్చు. ఈ మనిషి లంఖణాలు చేసి దాన్ని పెంచుకుంటున్నాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే రక్తం కక్కుకునేవాడు. వెంటనే రమ్మను, ఎక్సరే తీద్దాం" అంది. ఒక్క పూట కూడా మానకూడదు. కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తినాలి. పాలు తాగాలి. కారం వద్దు.

ఇక నీ మాట సంగతి. పాక్ గారు కాగితం మీద రాసి మరీ చెప్పారు. వాళ్ల భాషలో పే అంటే పొట్ట. పొట్ట నొప్పి అయితే పే అపా. పే గోపా అంటే ఆకలేస్తోంది. అందులో మన పేగూ లేదు, సంధీ లేదు. నీకు ఆ మాట ఎవరు నేర్పారని అడుగుతున్నారు. పిల్లలు అని చెప్పాను. ఆయన ఆ కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నారు. యుద్ధం నాటికి తనూ పిల్లాడేనట.

నీ కోడలు,
లీలారాణి

తా.క. తాతమ్మకు అపా అంటే నొప్పి అని చెప్పేశాను. "అయితే ఏటి? నొప్పొచ్చినప్పుడు అప్పని కాక మరెవుల్ని పిలుస్తాడు?" అంది. పులుసు ఆగలేదు.


నెల్లిమర్ల,
3-10-1968

ప్రభువునందు ప్రియమైన లీలారాణికి,

మావయ్య వందనాలు. నీ ఉత్తరం చదివి పొద్దుగూకేదాకా అరుగు మీద కూర్చుండిపోయాను. మీ అత్త పాలు తెచ్చి పక్కన పెట్టింది.

కొరియాలో మా గుడారాల చుట్టూ ముళ్లతీగ ఉండేది. దాని అవతల పిల్లలు నిలబడేవారు. మంచులో గోనెపట్టాలు కప్పుకుని, పొట్ట మీద చెయ్యేసుకుని "పేగోపా, పేగోపా" అనేవారు. నేను మందుల గుడారంలోంచి పిప్పరమెంటు నీళ్ల సీసా తెచ్చి తలా ఒక చెంచా పోసేవాణ్ణి. మింగి నా మొహంకేసి చూసేవారు. మర్నాడు ఇంకా ఎక్కువమంది వచ్చేవారు. నా మందు పేరు పాకిపోయిందని మురిసిపోయాను.

ఆఖరికి మా అధికారి దగ్గరికి వెళ్లి సెల్యూట్ కొట్టి, ఇక్కడి పిల్లలందరికీ పేగు జబ్బు పట్టుకుందని చెప్పాను. ఆయన డాక్టరే. నా వెంట కంచె దాకా వచ్చి పిల్లల్ని చూశాడు. నన్ను చూశాడు. తిన్నగా వంట గుడారం వైపు నడిచాడు. ఆ మధ్యాహ్నం నుంచి వంటవాళ్లు రొట్టెలూ పప్పూ బకెట్లలో పెట్టి నాకిచ్చేవారు. మందుతో పాటు పథ్యం కాబోలనుకున్నాను. ముందు చెంచాడు నీళ్లు పోసి, అవి మింగితేనే రొట్టె ఇచ్చేవాణ్ణి. ఒక్కడు కూడా మందు వద్దనలేదు. జబ్బు కుదిరింది. నా పిప్పరమెంటు నీళ్లే కుదిర్చాయని ఈ మిల్లు గేటు దగ్గర ఇన్నేళ్లుగా కనబడ్డవాడికల్లా చెప్పాను.

సరే. అర్థం నేను తప్పు చెప్పుకున్నాను, ఒప్పుకుంటాను. కానీ అక్కడ పేగు నొప్పి అన్నాను, రొట్టె వచ్చింది. ఇక్కడ పేగు నొప్పి అన్నాను, మీ అత్త అన్నం వచ్చింది. రెండుచోట్లా నొప్పి తగ్గింది. పొట్ట ఖాళీ అయితే అది నొప్పి కాదని ఎవరన్నారు? ఆ డాక్టరు కుర్రాడి పుస్తకంలో ఒక మాట లేదు, పాక్ గారి పుస్తకంలో ఇంకో మాట లేదు. నా మాట నేను మార్చను. పేగోపా అంటే పేగు నొప్పే.

శనివారం పాసింజరుకి నేనూ మీ అత్తా వస్తున్నాం. ఎక్సరే తీయించుకుంటాను. దారిలో పూట తప్పకుండా రెండు క్యారేజీలు కడుతోంది. ఒకటి పాక్ గారికి.

ఇట్లు,
తింటున్న మీ మావయ్య,
ఆదాము

తా.క. రొట్టె అందుకుని వెళ్లేటప్పుడు ఆ పిల్లలు తల వంచి ఏదో మాట అనేవారు. నా మందు బాగా పనిచేసిందని దానర్థం. పాక్ గారికి వేరే అర్థం తెలిస్తే, నా ఎదుట మాత్రం చెప్పొద్దని ముందే చెప్పి ఉంచు.