నీ చేతి నువ్వుల ముద్ద

అక్కా,

ఇవాళ నీ సంవత్సరీకం. నీకిష్టమని నువ్వుల ముద్దలు నేనే చేశాను. నీకు పెట్టాక ఒకటి తిన్నానో లేదో, పెదాలు ఉబ్బి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. వంటింట్లోకి ఎవరొచ్చి ఏం కలిపారా అని చూశాను. ఎవరూ రాలేదు.

నైజాం రాజ్యం కూలిన ఏడు నీ చేతి ముద్ద తిన్నప్పుడూ ఇంతే అయింది. చిన్నప్పటి నుంచి తిన్న నువ్వుల మీద అనుమానం రాలేదు. పిల్లల్లేని తోడికోడలివి, నా పిల్లల్ని చూసి ఓర్వలేక మందు పెట్టావనుకున్నాను. పొయ్యి వేరు చేయించాను. మళ్లీ నువ్వు తెచ్చిన ముద్దల్ని నీ ముందే పెంటకుప్పలో పోశాను.

"తినకుంటె మాయె చెల్లె, ఎందుకు తినవో జర చెప్పు" అన్నావు. నేను చెప్పలేదు.

"చిన్నగున్నప్పుడు పడ్డయి పెద్దయినంక పడకపోవచ్చమ్మా" అన్నాడు ఇవాళ ఆదిలాబాద్ దవాఖానలో డాక్టరు.

ఇప్పుడు చెబుతున్నాను. నాకు నువ్వులు పడవక్కా.